సైట్ కొత్తగా చేయించినాక గూగుల్‌లో ర్యాంకు రోజుకో చోట ఉంటా ఉంది, ఆగాల్నా వెనక్కి పోవాల్నా?

కొండకింద_క్యాబ్స్:

అందరికీ నమస్కారం. తిరుపతి బస్టాండు దగ్గర మా బావ వాళ్ళకి చిన్న ట్రావెల్స్ ఉంది, వెబ్‌సైట్ సంగతి చూసుకునేది నేను. చూసుకోవడం అంటే రేట్లు మార్చడం, ఫొటోలు పెట్టడం వరకే, కోడింగ్ నాకు రాదు. పాత సైట్ ఎప్పుడో పీహెచ్‌పీలో కట్టించింది, చూడ్డానికి పాతకాలం దాని మాదిరే ఉండె గానీ తిరుపతి టు అరుణాచలం క్యాబ్ అని కొడితే మొదటి పేజీలో పైనే కనబడేది, పౌర్ణమి ముందర వారం ఫోన్ కింద పెట్టే పని లేకుండా ఉండె.

ఎండాకాలం సెలవుల రష్ అయిపోయినాక ఒక డెవలపర్‌కి ఇచ్చి వర్డ్‌ప్రెస్‌లోకి మార్పించినాం. సైట్ బాగానే వచ్చింది, ఫోన్‌లో టక్కున ఓపెన్ అవతా ఉంది, వాట్సాప్ బటన్ కూడా పెట్టినాడు. కానీ అప్పట్నుంచి ర్యాంకు పిచ్చి పట్టినట్టు తిరగతా ఉంది, ఒకరోజు నాలుగో ప్లేసు, మర్నాడు రెండో పేజీలో యాడో అడుగున, ఆ మర్నాడు మళ్ళీ ఆరు. చిత్తూరు టు వేలూరు అని కొడితే అసలు మేమే లేం, ముందు అక్కడ ఫస్టో సెకండో వచ్చేవాళ్ళం. బావ పొద్దున లేస్తానే ఇన్‌కాగ్నిటోలో కొట్టి చూసి నాకు ఫోన్ చేస్తాడు, "ఏమప్పా, ఈరోజు పన్నెండు" అని, షేర్ మార్కెట్ రేటు చెప్పినట్టు.

మారినవి ఏవంటే యూఆర్ఎల్స్, అంటే పేజీల అడ్రస్‌లు, అన్నీ మారినాయి, ముందు చివర్లో డాట్ పీహెచ్‌పీ అని ఉండేది ఇప్పుడు లేదు. డొమైన్ అదే. టైటిల్స్ మార్చినారు, ఫొటోలు మార్చినారు, ఇంకా జిల్లా పేరు. 2022లో తిరుపతి జిల్లా వేరే అయింది కదా, పాత సైట్‌లో అంతటా చిత్తూరు జిల్లా అనే ఉండిపోయింది, దాన్ని సరి చేయించినాం.

డెవలపర్‌ని అడిగితే "గూగుల్ అప్‌డేట్ నడస్తా ఉంది సార్, ఒక నెల ఆగండి" అంటాడు. ఇంకొకాయన వెయ్యి బ్యాక్‌లింకుల (వేరే సైట్లలోనించి మన సైట్‌కి వచ్చే లింకులు) ప్యాకేజీ అని దినామూ మెసేజ్ పెడతా ఉన్నాడు. బావేమో ఇదంతా పీకేసి పాత సైటే పెట్టమంటాడు. బ్రహ్మోత్సవాలు దగ్గర పడతా ఉన్నాయి, మాకు సీజన్ అదే. తెలిసినోళ్ళు కాస్త చెప్పండన్నా.


బెల్లంమండి_చిత్తూరు:

మీ బావ చెప్పిందే కరెక్టు అంటాను నేను. నడిచేదాన్ని కెలికితే ఇట్లనే ఉంటాది. పాత ఫైళ్ళు ఉండాయి కదా, ఎత్తి పెట్టేయ్యండి, వారంలో మొదటికి వస్తాది. ఆ లింకుల ప్యాకేజీ మాత్రం ముట్టుకోవద్దు. మా పక్క మండీ ఆయన కొన్నాడు, బెల్లం అమ్మే సైటుకి యాడెక్కడో విదేశాల జూదం సైట్లలోనించి లింకులు వచ్చి పడినాయి. బెల్లానికీ దానికీ ఏం సంబంధం సామీ? దుడ్లు పోయినాయి, ర్యాంకు మాత్రం ఉన్న చోటే ఉండె.


కోడ్‌పులిహోర:

పాత సైట్ మళ్ళీ పెట్టమనే సలహా మాత్రం ఇప్పుడే పాటించకండి ప్లీజ్. ఒకసారి యూఆర్ఎల్స్ అన్నీ మార్చారు, గూగుల్ ఇంకా వాటిని సర్దుకునే పనిలో ఉంది, సగంలో మళ్ళీ పాతవి తెస్తే దానికి అది ఇంకో మార్పు, ఆ సర్దుబాటు మొదటి నుంచి మొదలు. ముందు అసలు ఏం తెగిందో చూద్దాం.

మొదటి ప్రశ్న, పాత లింకులు ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నాయి? పాత అరుణాచలం పేజీ అడ్రస్, ఆ డాట్ పీహెచ్‌పీతో సహా, బ్రౌజర్‌లో కొట్టి చూడండి. కొత్త అరుణాచలం పేజీకే వెళ్తే బాగుంది. 404, అంటే పేజీ దొరకలేదు అని వస్తే అదే మీ జబ్బు. హోమ్ పేజీకి వెళ్తుంటే అది కూడా జబ్బే, చాలామంది డెవలపర్లు షార్ట్‌కట్‌గా పాత లింకులన్నీ గంపగుత్తగా హోమ్ పేజీకి తోసేస్తారు, గూగుల్ దాన్ని సాఫ్ట్ 404 కింద లెక్కేస్తుంది, అంటే పేజీ లేనట్టే. ప్రతి పాత పేజీ నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి విడివిడిగా 301 రీడైరెక్ట్, అంటే శాశ్వతంగా దారి మళ్ళింపు, పెట్టాలి. 302 కాదు, అది తాత్కాలికం అని అర్థం.

ఎందుకంటే ఇన్నేళ్ళుగా మీ పేజీకి వచ్చిన పేరంతా ఆ పాత అడ్రస్ మీద ఉంది. ఏదో బ్లాగులో అరుణాచలం వెళ్ళొచ్చినవాళ్ళు మీ లింకు పెట్టి ఉంటారు, అదీ పాతదే. 301 ఉంటేనే ఆ పేరు కొత్త అడ్రస్‌కి చేరుతుంది, అది కూడా ఒక్క రోజులో కాదు. గూగుల్ మీ సైట్ మొత్తాన్ని ఒకేసారి చదవదు, ఇవాళ నాలుగు పేజీలు, వారం తర్వాత ఇంకో రెండు, అట్లా వస్తుంది, ఈలోగా కొన్ని పాతవి కొన్ని కొత్తవి గూగుల్ ఇండెక్స్‌లో, అంటే అది చదివి పెట్టుకున్న పేజీల జాబితాలో, కలిసి ఉంటాయి. ఓ మోస్తరు సైట్‌కి ఈ మార్పిడి కొన్ని వారాలు పడుతుందని గూగులే చెప్తుంది. కాబట్టి కొంత ఊగడం మామూలే. కానీ రీడైరెక్ట్ లేకుండా నెల ఆగినా సంవత్సరం ఆగినా ఒరిగేదేం లేదు.

రెండోది, వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చేయొద్దు అనే చిన్న టిక్ ఒకటి ఉంటుంది. సైట్ తయారయ్యేటప్పుడు దాన్ని పెట్టి, లైవ్ చేశాక తీయడం మరిచిపోతారు. చూడండి.

అప్‌డేట్ అన్నాడు కదా మీ డెవలపర్, దానికి ఊహలు అక్కర్లేదు, గూగుల్‌కి సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డ్ అని పబ్లిక్ పేజీ ఉంది, ఏ అప్‌డేట్ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో తేదీలతో ఉంటుంది. ఒక్కోటి వారాల తరబడి నడుస్తుంది, 2024 మార్చిలో వచ్చిన కోర్ అప్‌డేట్‌కి (ర్యాంకులు వేసే పద్ధతిలో పెద్ద మార్పు) 45 రోజులు పట్టింది. మీ ర్యాంకు ఊగడం మొదలైన తేదీ, అప్‌డేట్ తేదీ, సైట్ లైవ్ చేసిన తేదీ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి మాట నిజమో మీకే తెలుస్తుంది.


రేణిగుంట_రూమ్స్:

పైన తమ్ముడు చెప్పిందానికి ఇంకొకటి కలుపుతా. మాది రేణిగుంట రోడ్డులో లాడ్జి, మాకూ మీకూ వచ్చే జనం ఒకటే కాబట్టి చెప్తున్నా. ఫోన్‌లో కొట్టి చూసే ర్యాంకుని నమ్మొద్దు. ఇన్‌కాగ్నిటో పెట్టినా మీరు తిరుపతిలో కూర్చుని ఉన్నారని గూగుల్‌కి తెలుస్తుంది, బస్టాండు దగ్గర నుంచి కొడితే ఒకటి వస్తుంది, మీ కస్టమర్ హైదరాబాద్ కూకట్‌పల్లిలో కూర్చుని కొడితే ఇంకొకటి వస్తుంది. మీకు డబ్బులిచ్చేది ఆయన గానీ మీ బావ కాదు కదా.

సెర్చ్ కన్సోల్‌లోనే (సైట్ ఓనర్లకి గూగుల్ ఉచితంగా ఇచ్చే లెక్కల పేజీ) చూడండి, అక్కడ కూడా ఒక తిరకాసు ఉంది, మన ఊరి బిజినెస్‌లకే ఉండే తిరకాసు. అందులో పోల్చి చూసేదానికి గత 28 రోజులు, అంతకు ముందు 28 రోజులు అని రెడీగా ఇస్తాడు. అరుణాచలం గిరాకీ నడిచేది పౌర్ణమి మీద. పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అంటే ఒక్కోసారి ఒక 28లో పౌర్ణమి పడుతుంది, రెండో 28లో అసలు పడనే పడదు. పడకపోతే ఇంప్రెషన్స్ (సెర్చ్‌లో మీ పేజీ కనపడిన సార్లు) సగానికి సగం పడిపోయినట్టు కనపడి గుండె ఆగినంత పనవుతుంది, అదేం ర్యాంకు పోవడం కాదు, జనం వెతకలేదంతే. కాబట్టి కస్టమ్ తేదీలు పెట్టి పౌర్ణమి నుంచి పౌర్ణమికి పోల్చండి. డేటా 16 నెలలది ఉంటుంది, పోయినేడు ఇదే మాసం పౌర్ణమితో కూడా పోల్చొచ్చు, తేదీ మాత్రం పంచాంగం చూసి పెట్టుకోవాలి. బ్రహ్మోత్సవాలకీ అంతే, ఒక్కో ఏడు సెప్టెంబర్, ఒక్కో ఏడు అక్టోబర్, పోయినేడు సెప్టెంబర్‌తో ఈ సెప్టెంబర్‌ని పోలిస్తే తప్పు లెక్క వస్తుంది.

ఇంకోటి, యావరేజ్ పొజిషన్ అని ఒక నెంబర్ ఉంటుంది, దాన్ని చూసి భయపడే వాళ్ళే అందరూ. గిరాకీ వారంలో కొత్త కొత్త జనం "అరుణాచలం ట్యాక్సీ" "గిరి ప్రదక్షిణ కారు" అని పొడిపొడిగా కొడతారు, వాటికి మీరు ముప్పయ్యో నలభయ్యో స్థానంలో కనపడినా అదీ సగటులో కలుస్తుంది. అసలు మీకు అన్నం పెట్టే మాటలో మీరు నాలుగులోనే ఉన్నా సగటు మాత్రం కిందికి జారుతుంది. అందుకని ఒక్కో సెర్చ్ మాటని విడిగా ఫిల్టర్ పెట్టి చూడాలి. సెర్చ్ కన్సోల్ రోజు లెక్క అమెరికా పసిఫిక్ టైముది, మనకి మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒకటిన్నరకో అక్కడ తేదీ మారుతుంది, అందుకే మన పొద్దుటి క్లిక్కులు అక్కడ నిన్నటి తేదీలో ఉంటాయి. ఒక రోజు తేడాకి బుర్ర పాడు చేసుకోవద్దు.


కొండకింద_క్యాబ్స్:

శానా థాంక్స్ అన్నా, పౌర్ణమి లెక్క చెప్తే బావకి వెంటనే అర్థమయింది, మిగతాదంతా చెప్పినా తలకాయ ఊపినాడు గానీ ఎక్కలేదు.

చూసినాను. ఇండెక్స్ వద్దనే టిక్ అయితే లేదు. పాత లింకులు మాత్రం మీరు చెప్పినట్టే, కొన్ని 404, కొన్ని హోమ్ పేజీకి పోతా ఉన్నాయి. కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు గోల్డెన్ టెంపుల్, చెన్నై ఎయిర్‌పోర్టు ఏదీ దాని పేజీకి పోవడం లేదు. గూగుల్ మ్యాప్స్‌లో మా బిజినెస్ ప్రొఫైల్‌లో వెబ్‌సైట్ బటన్ నొక్కినా 404 వస్తా ఉంది, అది కూడా పాత అడ్రసే అంట. డెవలపర్‌కి చెప్తే రీడైరెక్టులు ప్యాకేజీలో లేవు, ఎక్స్‌ట్రా అవుతుంది అన్నాడు.

డాష్‌బోర్డ్ కూడా చూసినాం, సైట్ లైవ్ చేసిన మర్నాటి నుంచే ఊగులాట మొదలైంది, ఆ టైములో అప్‌డేట్ ఏదీ లేదు.

కానీ ఒకటి అర్థం కాలేదు. పాత లింకు తెగిపోతే ర్యాంకు పడిపోయి అట్లనే ఉండాల కదా, మళ్ళీ ఎట్ల లేస్తా ఉంది, నాలుగు, పదహారు, ఆరు, పదహారు అని?


కలంకారి_కాళహస్తి:

ఆ చివరి ప్రశ్న మంచి ప్రశ్న అండి. నేను శ్రీకాళహస్తిలో కలంకారి చీరలు, దుపట్టాలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను, నా సైట్‌లో ఇలాంటిది జరిగినప్పుడు కారణం వేరే చోట దొరికింది. ఒకటి చేసి చూడండి. సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్‌కి వెళ్ళి తిరుపతి టు అరుణాచలం క్యాబ్ అనే మాట మీద నొక్కి, ఆ తర్వాత పక్కన పేజెస్ అనే ట్యాబ్ నొక్కండి. అక్కడ మీ పేజీలు ఎన్ని కనపడుతున్నాయి? ఒకటే ఉంటే సరే. రెండు ఉండి, ఒక రోజు ఇది ఒక రోజు అది అని మారుతూ ఉంటే గూగుల్ మీ రెండు పేజీల్లో దేన్ని చూపించాలో తేల్చుకోలేక అటూ ఇటూ మారుస్తోందని అర్థం. మీ బావగారు చూసే నాలుగూ పదహారూ ఒకే పేజీవి కాకపోవచ్చు, రెండు వేరు వేరు పేజీలవి అయ్యుండొచ్చు.


కొండకింద_క్యాబ్స్:

అక్కా మీకు దండం. రెండు ఉన్నాయి! ఒకటి తిరుపతి హైఫన్ అరుణాచలం, ఇంకోటి అదే పేరు చివర హైఫన్ 2. రెండు పేజీలకీ టైటిల్ ఒకటే, తిరుపతి టు అరుణాచలం క్యాబ్. మాకు అట్లాంటి పేజీ ఒకటే ఉండాల కదా అని ఆ రెండోది ఓపెన్ చేసి చదివితే అప్పుడు తెలిసింది, అది మా పాత చిత్తూరు టు అరుణాచలం పేజీ. జిల్లా పేరు మార్చమంటే ఆయన ఒక్కొక్క చోట చూసి మార్చకుండా సైట్ మొత్తం చిత్తూరు అనే మాట ఉన్న చోటల్లా తిరుపతి అని ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేసినాడు. ఊరు పేరూ పోయింది, జిల్లా పేరూ పోయింది. చిత్తూరు టు వేలూరు పేజీ కూడా తిరుపతి టు వేలూరు హైఫన్ 2 అయి కూర్చుంది, దాంట్లో తిరుపతి నుంచి వేలూరుకి సుమారు 40 కిలోమీటర్లు అని ఉంది. అది చిత్తూరు నుంచి దూరం, తిరుపతి నుంచి అయితే వంద దాటతాది. మొన్న ఒకాయన ఫోన్‌లో "మీ సైట్‌లోనే 40 అని రాసుకుని మూడింతలు అడుగుతారేంది" అని గొడవ పెట్టుకున్నాడు, మాకేమో ఆయన ఏం మాట్లాడతా ఉన్నాడో అర్థం కాలేదు అప్పుడు.


బెల్లంమండి_చిత్తూరు:

హహ్హా. అందుకనేనా చిత్తూరు టు వేలూరులో మీరు లేకుండా పోయింది, సైట్లో చిత్తూరే లేకపోతే గూగుల్ యాడ చూపిస్తాది. అట్లయితే కాణిపాకం పేజీలో ఏముందో చూడు తొందరగా.


కొండకింద_క్యాబ్స్:

"తిరుపతి జిల్లాలోని కాణిపాకం" అని ఉందన్నా.


బెల్లంమండి_చిత్తూరు:

జిల్లా ముక్కలయినప్పుడు శ్రీవారినీ మీకే ఇచ్చినాం, అలమేలుమంగమ్మనీ మీకే ఇచ్చినాం, కాళహస్తి ఈశ్వరుడూ మీవైపే పాయె. మాకు మిగిలింది ఆ వినాయకుడు. ఆయన్ని కూడా ఎత్తుకుపోతే ఎట్లప్పా. ముందు అది మార్చు, ర్యాంకు సంగతి తర్వాత.

సరే, పాత సైట్ పెట్టమన్న మాట వెనక్కి తీసుకుంటా ఉండా, ఇదేదో మరమ్మతు చేస్తే పోయేదే.


కోడ్‌పులిహోర:

ఇది నేను అనుకోలేదు, బాగా పట్టుకున్నారు మేడమ్.

ఇప్పుడు చేయాల్సిన వరస చెప్తాను. ముందు ఆ హైఫన్ 2 పేజీల్లో రాతని పాత సైట్ బ్యాకప్ నుంచి తెచ్చి మళ్ళీ చిత్తూరు చేయండి, టైటిల్, లోపలి హెడ్డింగ్, దూరం, రేటు అన్నీ. అడ్రస్ కూడా చిత్తూరు హైఫన్ అరుణాచలం అని మార్చండి, మార్చాక ఆ హైఫన్ 2 అడ్రస్ నుంచి కొత్త అడ్రస్‌కి 301 పెట్టండి. కంగారులో ఆ రెండో పేజీని డిలీట్ చేసేస్తారేమో, వద్దు, చిత్తూరు వాళ్ళ గిరాకీ దాని మీదే వచ్చేది. ఆ తర్వాత పాత డాట్ పీహెచ్‌పీ లింకులు, పాత చిత్తూరు పేజీ కొత్త చిత్తూరు పేజీకి, పాత తిరుపతిది కొత్త తిరుపతిదానికి, అడ్డదిడ్డంగా కలపకండి. ఈ రీడైరెక్టులకి డబ్బులు అడిగాడన్నారు, వర్డ్‌ప్రెస్‌లో దీనికి ఉచిత ప్లగిన్లు (సైట్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి, ఎడమ పక్క పాత అడ్రస్, కుడి పక్క కొత్త అడ్రస్, అంతే పని, కోడింగ్ రాకపోయినా ఒక సాయంత్రం కూర్చుంటే మీరే చేసుకోగలరు. మెనూలో, హోమ్ పేజీలో ఉన్న లింకులు నేరుగా కొత్త అడ్రస్‌లకే ఉండాలి. సైట్‌మ్యాప్‌లో (గూగుల్‌కి ఇచ్చే మీ పేజీల లిస్టు) హైఫన్ 2లు లేకుండా చూసుకుని సెర్చ్ కన్సోల్‌లో మళ్ళీ ఇవ్వండి. ముఖ్యమైన పేజీలకి యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కండి, రోజుకి కొన్నే ఒప్పుకుంటుంది, ఒకే పేజీకి పదిసార్లు నొక్కితే తొందరగా వస్తుందనేమీ లేదు. మ్యాప్స్ ప్రొఫైల్‌లో లింకు ఇప్పుడే మార్చేయండి, అది రెండు నిమిషాల పని, సీజన్‌లో మీకు సగం కాల్స్ అక్కడి నుంచే వస్తుంటాయి.

ఎవరైనా చేంజ్ ఆఫ్ అడ్రస్ టూల్ వాడమంటే వినకండి, అది డొమైన్ పేరు మారినప్పుడు వాడేది, మీకు పనికిరాదు.

ఇంకో మాట, మీ కొత్త సైట్ చూశాను, ఏర్పేడు టు అరుణాచలం, పాకాల టు అరుణాచలం, పుత్తూరు టు అరుణాచలం అని ఊరికొక పేజీ కొత్తగా చేర్చారు, ఊరి పేరు తప్ప అంతా ఒకటే రాత. ఇలాంటివాటిని గూగుల్ డోర్‌వే పేజీలు అంటుంది, స్పామ్ రూల్స్‌లో పేరు పెట్టి మరీ వద్దంటుంది. అవి తీసేసి ఆ ఊళ్ళ నుంచి కూడా ఎక్కించుకుంటాం అని అసలు పేజీలోనే ఒక లైను రాయండి.


రేణిగుంట_రూమ్స్:

ఊరికొక పేజీ సంగతి కరెక్ట్. దాని బదులు అసలు అరుణాచలం పేజీలో జనం ఫోన్ చేసి అడిగేవే రాయండి. మా రిసెప్షన్‌లో రోజూ వినపడే ప్రశ్నలు ఇవే, తమిళనాడు పర్మిట్ ఛార్జీ రేటులో కలిసిందా లేక బార్డర్‌లో వేరేగా ఇవ్వాలా, టోల్ ఎవరిది, పౌర్ణమి రోజు కారు ఎంత దూరంలో ఆపేస్తారు, అక్కడ నుంచి గుడికి ఎట్లా పోవాలి, ప్రదక్షిణ అయ్యేదాకా డ్రైవర్ ఉంటాడా, వెయిటింగ్ ఎంత, వచ్చేటప్పుడు దారిలో గోల్డెన్ టెంపుల్ చూపిస్తారా. చిత్తూరు, వేలూరు మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు అని మాత్రం రాసి వదిలేస్తే అది ప్రతి సైట్‌లో ఉండేదే. మీ డ్రైవర్లని కూర్చోబెట్టి అడిగితే ఇవన్నీ గంటలో చెప్తారు.


కలంకారి_కాళహస్తి:

జిల్లా పేరు విషయంలో ఒక చిన్న మాట. కొత్త పేరుకి మార్చడం సరైనదే, కానీ బయటి ఊరి వాళ్ళు చాలామంది ఇప్పటికీ చిత్తూరు జిల్లా అనే కొడతారు, నాకు శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లా అని వెతికి వచ్చేవాళ్ళు సెర్చ్ కన్సోల్‌లో ఇప్పటికీ కనపడుతూనే ఉన్నారు. అందుకని నేను "తిరుపతి జిల్లా, 2022కి ముందు చిత్తూరు జిల్లాలో ఉండేది" అని ఒక్కసారి మామూలు వాక్యంలో రాసి వదిలేశాను. మీరూ తిరుచానూరు, కాళహస్తి పేజీల్లో అలా రాసుకోవచ్చు.

ఇవన్నీ చేశాక టైటిల్స్ మళ్ళీ మళ్ళీ మార్చకండి. రోజూ ర్యాంకు చూసి రోజూ టైటిల్ మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో మీకూ తెలియదు, గూగుల్‌కీ కుదురు ఉండదు.


కొండకింద_క్యాబ్స్:

బ్యాకప్ డెవలపర్ దగ్గరే ఉండె, అడిగితే ఇచ్చినాడు పాపం, ఫైండ్ అండ్ రీప్లేస్ సంగతి చెప్తే నవ్వినాడు గానీ దుడ్లు అడగలేదు ఇంక. చిత్తూరు పేజీలు సరిచేసినాం, కాణిపాకం చిత్తూరు జిల్లాకి ఇచ్చేసినాం మండీ అన్నా, చూసుకో. రీడైరెక్టులు ప్లగిన్‌తో నేనే పెడతా ఉన్నాను, ముఖ్యమైనవి అయిపోయినాయి, బ్లాగ్ పోస్టులు మిగిలినాయి. మ్యాప్స్ లింకు మార్చినాం. పర్మిట్ సంగతి, పార్కింగ్ సంగతి డ్రైవర్లు చెప్తా ఉంటే బావ వాయిస్ మెసేజ్ పెడతా ఉన్నాడు, నేను టైప్ చేసుకుంటా ఉన్నాను.

ఒక డౌటు. ఈ రీడైరెక్టులు ఎంతకాలం ఉంచాల? ర్యాంకు కుదురుకున్నాక ప్లగిన్ తీసేయొచ్చా? ప్లగిన్లు ఎక్కువయితే సైట్ స్లో అవుతుందంటారు కదా.


కోడ్‌పులిహోర:

తీయకండి. కనీసం సంవత్సరం ఉంచమని గూగుల్ చెప్తుంది, నన్నడిగితే సైట్ ఉన్నన్నాళ్ళూ ఉంచండి, పాత లింకు ఎవరి వాట్సాప్‌లోనో, ఎవరి బ్లాగులోనో ఉంటూనే ఉంటుంది. మీకున్న పేజీలకి ఆ ప్లగిన్ వల్ల వచ్చే బరువు లెక్కలోకి రాదు, స్లో అనిపిస్తే ముందు హోమ్ పేజీలో పైన పెట్టిన ఆ పెద్ద శేషాచలం ఫొటో సైజు తగ్గించండి, ఫోన్‌లో అదే చివర్లో లోడ్ అవుతోంది.

సెర్చ్ కన్సోల్‌లో పక్కా డేటా రెండు మూడు రోజులు లేటుగా వస్తుంది, కాబట్టి వచ్చే పౌర్ణమి అయిన నాలుగో రోజు ఆ ఒక్క మాట ఫిల్టర్ పెట్టి, పేజెస్ ట్యాబ్‌లో ఒకటే పేజీ ఉందా రెండున్నాయా చూసి ఇక్కడ రాయండి.